ప్రత్యేక గ్రంథాలయ సేవల మూల్యాంకనం: హాజరు పుస్తకం చెప్పనిది

హైదరాబాదు నగరానికి తూర్పున విజయవాడ రహదారి వెంట దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ కూడలి వరకు విస్తరించిన కాలనీలలో పఠన మందిరాలకు కొదవ లేదు. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం వీధులలో నెలకింత అని రుసుము పుచ్చుకొని బల్ల, కుర్చీ, దీపం, పంకా సమకూర్చే స్టడీ హాళ్లు అనేకం వెలసినవి. గ్రూప్స్, డి.ఎస్.సి., పోలీసు నియామక పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు రాత్రి పొద్దుపోయే వరకు వాటిలో కూర్చుండి చదువుకొంటారు. వీటిలో చాలావాటిలో గ్రంథసంచయమన్నదే ఉండదు. పుస్తకం పఠిత సంచిలో వస్తుంది, పఠిత సంచిలోనే తిరిగి పోతుంది. ప్రభుత్వ గ్రంథాలయాల పఠన మందిరాలలో నేడు కనిపించే దృశ్యం కూడ ఇంతకు భిన్నం కాదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పేరు చెప్పగానే పోటీ పరీక్షల అభ్యర్థులే స్ఫురణకు వచ్చే స్థితి ఏర్పడింది. ఈ అభ్యర్థులను తప్పుపట్టవలసిన పని ఏమాత్రం లేదు. ఇరుకైన అద్దె గదిలో నలుగురైదుగురు కలిసి కాలం గడిపేవారికి నిశ్శబ్దంగా కూర్చుండే చోటు దొరకడమే గొప్ప ఉపకారం. ఆ ఉపకారం గ్రంథాలయం చేస్తే సంతోషించవలసిందే.

అయితే ఈ రద్దీనే గ్రంథాలయ సేవకు కొలబద్దగా స్వీకరించినప్పుడు చిక్కు ఆరంభమవుతుంది. ద్వారం వద్ద ఉన్న పుస్తకంలో సంతకం చేసినవారి సంఖ్య ఎంత పెద్దదైతే గ్రంథాలయం అంత బాగా పనిచేస్తున్నట్లు లెక్క. ఆ పుస్తకంలో సొంత గైడును ముందు పెట్టుకొని ఎనిమిది గంటలు కూర్చున్న అభ్యర్థికి ఒక వరుస. ఒక పాఠాంతరం కోసం వచ్చి, గ్రంథపాలకుని సాయంతో అరగంటలో దానిని పట్టుకొని వెళ్లిన పరిశోధకునికి ఒక వరుస. అదే పని మీద వచ్చి రిక్తహస్తాలతో వెనుదిరిగినవానికి కూడ ఒక వరుస. మూడు వరుసలకు విలువ సమానం. మొదటివానికి గ్రంథాలయం ఇచ్చినది చోటు, రెండవవానికి ఇచ్చినది సేవ, మూడవవానికి ఇచ్చినది ఏమీ లేదు. సాధారణ పౌర గ్రంథాలయంలో ఈ తేడాను కొంతవరకు ఉపేక్షింపవచ్చును. ప్రత్యేక గ్రంథాలయంలో ఉపేక్షిస్తే కొలవవలసిన వస్తువే చేజారిపోతుంది.

ప్రత్యేక గ్రంథాలయమనగా ఒక నిర్దిష్ట విషయానికి, లేదా ఒక సంస్థ అవసరాలకు పరిమితమై, ఆ రంగంలో పనిచేసేవారి ప్రశ్నలకు సమాధానం సమకూర్చునది. ఇది కొత్త భావన కాదు. అమెరికాలో ప్రత్యేక గ్రంథాలయాల సంఘం 1909లోను, భారతదేశంలో ఇయాస్లిక్ 1955లో కలకత్తాలోను ఏర్పడినవి. ఈ సంఘాల దృష్టి చిరకాలం కర్మాగారాల, ప్రయోగశాలల, వైద్యశాలల గ్రంథాలయాల మీదనే నిలిచింది. కాని ప్రాచ్య కళాశాలల గ్రంథాలయాలు, లిఖిత ప్రతుల భాండాగారాలు లక్షణరీత్యా ప్రత్యేక గ్రంథాలయాలే. వాటి పఠితలు కొద్దిమంది. వారి ప్రశ్నలు సూక్ష్మమైనవి. సమాధానం కొన్నిసార్లు ఒకే ఒక ప్రతిలో, ఒకే ఒక ఆకులో ఉంటుంది. ఈ మూడు లక్షణాలలో ఏ ఒక్కటీ తలల లెక్కకు అనుకూలించదు.

ప్రాచ్య కళాశాలలకు ఇది పుస్తక చర్చ మాత్రమే కాదు. 2017లో న్యాక్ అమలులోకి తెచ్చిన సవరించిన మూల్యాంకన విధానంలో గ్రంథాలయానికి సంబంధించిన కొలమానాలలో ఒకటి, అధ్యాపకులు, విద్యార్థులు కలిసి రోజుకు ఎంత శాతం మంది గ్రంథాలయాన్ని ఉపయోగించుకొన్నారు అనునది. గ్రంథాలయంలో అడుగుపెట్టినవారి సంఖ్య, అంతర్జాలంలో లాగిన్ల సంఖ్య దానికి ఆధారాలు. పుస్తకాలకు, పత్రికలకు సాలీనా చేసిన వ్యయం మరొక కొలమానం. ఎంత ఖర్చు చేశారు, ఎందరు వచ్చారు అను రెండు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. వచ్చినవారికి కావలసినది దొరికినదా అను ప్రశ్న వీటి నడుమ ఎక్కడో జారిపోయింది. సాహిత్య, వ్యాకరణ శాఖలలో పట్టుమని పదిమంది విద్యార్థులు లేని కళాశాల ఈ కొలమానం ముందు ఎంత చిన్నదిగా కనిపిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. అంకెను పెంచడానికి పనికివచ్చే సులభోపాయం కూడ అందరికీ తెలిసినదే. పోటీ పరీక్షల పుస్తకాలు నాలుగు కొని, ప్రాచ్య విభాగపు అలమారలను వెనుక గదిలోకి నెట్టి, ముందు నాలుగు బల్లలు వేస్తే సంతకాలు వాటంతట అవే పెరుగుతాయి.

మైసూరు ప్రభుత్వ ప్రాచ్య గ్రంథాలయపు ఉదాహరణ ఇక్కడ గుర్తు తెచ్చుకోదగినది. 1891లో స్థాపించబడిన ఆ గ్రంథాలయానికి తంజావూరు ప్రాంతపు పండితుడొకరు ఒక తాళపత్ర ప్రతిని అప్పగించారు. లిపి గ్రంథలిపి. అక్కడే గ్రంథపాలకుడుగా ఉన్న ఆర్. శామశాస్త్రి దానిని చదివి, అది కౌటిల్యుని అర్థశాస్త్రమని గుర్తించి, 1905లో విద్వల్లోకానికి ఎరుకపరచారు. 1909లో మూలం ముద్రితమైంది, 1915లో ఆంగ్లానువాదం వెలువడింది. ప్రాచీన భారత రాజనీతిని గురించిన అభిప్రాయాలు ఆ తరువాత ఎట్లు మారినవో ఈ పత్రిక పాఠకులకు విన్నవించనక్కరలేదు. ఇప్పుడు ఆ సంఘటనకు నేటి కొలమానాన్ని అన్వయించి చూడవచ్చును. గ్రంథాలయానికి కొత్తగా చేరిన ప్రతి ఒకటి. దానిని చదివినవాడు ఒకడు. అతడు గ్రంథాలయ ఉద్యోగి గనుక ద్వారం వద్ద సంతకం చేయవలసిన అవసరం కూడ ఉండదు. కాబట్టి హాజరు లెక్కలో ఆ ఆవిష్కరణకు దక్కేది సున్న.

అదే 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవం ప్రథమ భాగాన్ని ప్రకటించారు. నన్నయకు పూర్వమే కావ్యరచన జరిగినదా అను వాదం దానితో రేగి దశాబ్దాల పాటు తెలుగు సాహిత్య చరిత్రకారులను నిద్రపోనీయలేదు. అక్కడ కూడ మూలంలో ఉన్నది ఒక లిఖిత ప్రతి, దానిని చదువగలిగిన ఒక మనిషి.

గ్రంథాలయ శాస్త్రజ్ఞులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. రిచర్డ్ ఆర్ 1973లో ఒక వ్యాసంలో రెండు ప్రశ్నలను వేరుచేసి చూపారు. గ్రంథాలయం ఎంత బాగున్నది అనునది ఒకటి. అది ఎంత మేలు చేస్తున్నది అనునది మరొకటి. మొదటిది దాని శక్తికి, రెండవది ఆ శక్తి వలన కలిగిన ఫలానికి సంబంధించినది. పుస్తకాల సంఖ్య, సిబ్బంది సంఖ్య, భవన విస్తీర్ణం మొదలైనవి ఈ రెండింటిలో దేనినీ నేరుగా చెప్పవు. అవి పెట్టుబడి లెక్కలు మాత్రమే. ఇంతకంటె ముందే, 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో, రంగనాథన్ పఠిత కాలాన్ని ఆదా చేయవలెనన్నారు. అదొక నీతివాక్యంగా పరీక్షలలో ఉదహరించబడుతూ వచ్చింది గాని, నిజానికి అది ఒక కొలమానం. ప్రశ్న అడిగిన క్షణానికి, సమాధానం చేతికి అందిన క్షణానికి నడుమ ఎంత కాలం పట్టింది? ఈ అంకె తెలిస్తే గ్రంథాలయం గురించి చాలా తెలిసినట్లే.

ఎరవుల లెక్కను ఆధారం చేసుకొంటే కలిగే ప్రమాదానికి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు అధ్యయనం నిదర్శనం. 1969లో ఆ గ్రంథాలయం చేర్చుకొన్న పుస్తకాలలో సుమారు 40 శాతం మొదటి ఆరు సంవత్సరాలలో ఒక్కసారి కూడ ఎరవుకు పోలేదని 1979లో తేలింది. కొనుగోళ్లలో వివేకం అవసరమని దీని నుండి గ్రహించడం సబబే. ఎరవుకు పోనిదంతా వ్యర్థమని గ్రహిస్తే మాత్రం లిఖిత ప్రతుల భాండాగారాలు రేపే మూతపడవలసి ఉంటుంది. తాళపత్రం ఎన్నడూ ఎరవుకు పోదు. నూరేళ్లు ఎవరూ విప్పని కట్ట నూటొకటవ ఏట ఒక గ్రంథ పరిష్కరణకు ఆధారం కావచ్చును.

దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతానికి తిరిగి వస్తే, ఆ కాలనీలలో పరీక్షార్థులే కాక మరొక వర్గం కూడ నివసిస్తున్నది. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు, సంస్కృత అధ్యాపకులు, పరిశోధన విద్యార్థులు అక్కడ తక్కువేమీ కాదు. వారికి కావలసిన గ్రంథాలయాలు నగరంలో ఉన్నవి, కాని చెదరి ఉన్నవి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్.బి. నగర్‌ల నడుమ మెట్రో ఆరంభమైనప్పటి నుండి ప్రయాణం కొంత సులభమైన మాట నిజమే. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద దిగితే 1891లో ఆసఫియా పేరుతో వెలసిన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దగ్గరే. తరువాతి స్టేషన్‌లో దిగితే కోఠి. అక్కడి నుండి 1901లో స్థాపించబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం దూరం కాదు. పూర్వం రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో భాగంగా ఉండి తరువాత వేరుపడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత భాండాగారం మాత్రం తార్నాక వైపు, ఉస్మానియా ప్రాంగణంలో ఉన్నది. అక్కడికి మెట్రోలో పోతే బండి మారక తప్పదు. ఒక పూట ప్రయాణానికి, ఒక పూట వెతుకులాటకు చెల్లు. ఫలానా ప్రతి ఈ మూడింటిలో ఎక్కడ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో, ఇంటి నుండి కదలక ముందే తెలిస్తే ఆ దినం మిగులుతుంది. ఈ మిగులును కొలిచే గడి ఏ నివేదికలోను లేదు.

ఇక్కడ శాఖా గ్రంథాలయాలు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. ఎల్.బి. నగర్‌లోని గ్రంథపాలకునికి తాళపత్రం చదవడం రానక్కరలేదు. ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పగలిగితే చాలు. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్న పౌరుడు ఈ మాత్రం ఆశించడం అత్యాశ కాదు. దారి చూపడాన్ని కూడ సేవగా లెక్కిస్తే గ్రంథపాలకునికి దానిమీద శ్రద్ధ కలుగుతుంది. లెక్కకు రాని పని క్రమంగా చేయబడని పనిగా మారడం ఏ కార్యాలయంలోనైనా చూడవచ్చును.

అంకెలకు అందనివాటిలో అన్నిటికంటె ముఖ్యమైనది పండితుడు. మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారంలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు పనిచేసిన కాలంలో, అక్కడికి వచ్చిన జిజ్ఞాసువుకు అందినది తాళపత్రపు కట్ట ఒక్కటే కాదు. ఆ కట్టను గురించిన జ్ఞానం కూడ. వలపలగిలకను గుర్తుపట్టడం, ఎకార ఒకారాల హ్రస్వదీర్ఘాలు విడివడని రాతలో పదాన్ని విరిచి చదవడం, గ్రంథలిపినీ నందినాగరినీ ఒకదానిగా మరొకటి పొరబడకుండడం, లేఖకుని గద్యను బట్టి కాలాన్ని అంచనా వేయడం, ఇవన్నీ గురుముఖంగా, ఏళ్ల తరబడి అభ్యాసంతో వచ్చే విద్యలు. అట్టి పండితుడు పదవీ విరమణ చేసి, ఆ స్థానం ఖాళీగా మిగిలిపోతే, వార్షిక నివేదికలో ప్రతుల సంఖ్య ఒక్కటి కూడ తగ్గదు. హాజరు కూడ వెంటనే తగ్గకపోవచ్చును. సేవ మాత్రం ఆనాడే ఆగిపోతుంది. కట్టలు ఉంటాయి, వాటిని విప్పి చెప్పేవారు ఉండరు. ప్రతుల సంఖ్యతో పాటు, వాటిలో ఉన్న లిపులెన్ని, ఆ లిపులను చదువగలిగిన సిబ్బంది ఎందరు అను రెండు అంకెలను పక్కపక్కనే ప్రకటించవలెనని నియమం పెడితే, అనేక భాండాగారాల నిజస్థితి ఒక్క పంక్తిలో బయటపడుతుంది. ప్రాచ్య కళాశాలల ఉనికికి కూడ ఇంతకంటె బలమైన సమర్థన ఉండదు. ఆ పండితులను తయారుచేయవలసినవి అవే గదా.

అంతర్జాలం వచ్చిన తరువాత ఈ చర్చకు కాలదోషం పట్టిందని కొందరు భావిస్తారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రయత్నం వలన వేలాది పాత తెలుగు, సంస్కృత గ్రంథాలు ఛాయారూపంలో అందుబాటులోకి వచ్చిన మాట వాస్తవం, అది మహోపకారం. కాని గ్రంథ నామాలను రోమన్ లిపిలో ఎవరికి తోచినట్లు వారు టైపు చేసిన కారణంగా, ఉన్న పుస్తకం దొరకక, లేదనుకొని ఊరుకొన్న సందర్భాలు పరిశోధకులందరికీ అనుభవమే. కర్త పేరున్నచోట సంపాదకుని పేరు, సంపుటాల సంఖ్య లేకపోవడం, నడుమ పుటలు తప్పిపోవడం సర్వసాధారణం. వీటిని సరిచూసి, సరియైన సూచి తయారుచేసే గ్రంథపాలకుని శ్రమ కూడ ఏ లెక్కలోకీ రాదు. దిగుమతుల సంఖ్య చెప్పుకొని మురిసిపోవడం హాజరు సంఖ్యతో మురిసిపోవడానికి ఆధునిక రూపం, అంతే.

కొలత అసలే వద్దనడం ఈ వాదంలోని ఉద్దేశం కాదు. ప్రాచ్య విద్య లోకంలో అట్టి ధోరణి కూడ ఉన్నది. విద్యకు తూనికలేమిటని కసురుకొనేవారు ఉన్నారు. వారి అభిమానం మెచ్చదగినదే గాని, కొలవనివానికి నిధులు రావు. ఇతరులు పెట్టిన కొలతను కాదనేవారు తమ కొలతను ముందుంచవలసి ఉంటుంది. అట్టి కొలత ఖర్చు లేకుండ సాధ్యమే.

ఆర్ 1968లోనే వైద్య గ్రంథాలయాలకు ఒక పరీక్షను రూపొందించారు. ఆ రంగపు పరిశోధకులు నిజంగా ఉదహరించిన గ్రంథాల నుండి కొన్నింటిని ఏరి, గ్రంథాలయానికి వెళ్లి, ఒక్కొక్కటి చేతికి అందడానికి ఎంత కాలం పట్టినదో లెక్కించడమే ఆ పరీక్ష. దీనిని ప్రాచ్య గ్రంథాలయానికి అనువదించుకోవడం కష్టం కాదు. గడచిన అయిదేళ్లలో వచ్చిన సంస్కృతాంధ్ర సిద్ధాంత వ్యాసాల అధోజ్ఞాపికల నుండి వంద ఉల్లేఖాలను యాదృచ్ఛికంగా ఏరవలెను. వాటిలో ఒక అలంకార గ్రంథపు పాత ముద్రణ ఉండవచ్చును, ఒక శాసన సంపుటం ఉండవచ్చును, 1924లో ఆరంభమైన భారతి పత్రిక పాత సంచిక ఒకటి ఉండవచ్చును. ఆ వందలో గంటలోపల దొరికినవెన్ని, దినంలోపల దొరికినవెన్ని, దొరకనివెన్ని? మూడు అంకెలు చాలు.

దొరకనివాటి విషయంలో కారణం వ్రాయడం అన్నిటికంటె ముఖ్యం. పాల్ కాంటర్ 1976లో చూపిన పద్ధతి ఇందుకు ఉపకరిస్తుంది. గ్రంథాలయం అసలు కొనలేదా. కొన్నది కాని మరొకరి వద్ద ఉన్నదా. ఉండవలసిన చోట లేక తప్పిపోయినదా. ఉన్నచోటనే ఉన్నా పఠిత కనుగొనలేకపోయెనా? ఈ నాలుగింటికీ చికిత్సలు వేరువేరు. మొదటిదానికి ధనం, రెండవదానికి మరొక ప్రతి, మూడవదానికి అలమార సర్దుబాటు, నాలుగవదానికి మంచి సూచి కావలెను. లిఖిత ప్రతుల విషయంలో అయిదవ కారణం ఒకటి చేర్చవలసి ఉంటుంది: ప్రతి ఉన్నది, కాని శిథిలమై విప్పరానిది, లేదా చదివి చెప్పేవారు లేరు. 'పుస్తకం లేదు' అను ఒక్క మాటలో ఇన్ని వేరు వ్యాధులు దాగి ఉన్నవి.

దీనికి తోడు ప్రశ్నల పుస్తకం ఒకటి కావలెను. అడిగిన ప్రశ్న, అడిగిన తేదీ, జవాబు దొరికిన తేదీ, దొరికిన చోటు, అంతే. ఒక చాటు పద్యానికి పాఠాంతరం, ఒక శాసనంలోని తిథివారాలకు సరిపోయే ఆంగ్ల తేదీ, ఒక నిఘంటువుకెక్కని మాండలిక పదం, ఇట్టి ప్రశ్నలు ఏడాదికి యాభై వచ్చినా, ఆ పుస్తకమే కొన్నేళ్లకు ఒక పరిశోధన సాధనంగా మారుతుంది. ఒకరు అడిగినది మరొకరు మళ్లీ మొదటి నుండి వెతకనక్కరలేదు.

ఈ సూచనకు వచ్చే ఆక్షేపణలు రెండు. ఒకటి, ప్రాచ్య కళాశాలలలో గ్రంథపాలకుడు ఒక్కడే. కొన్నిచోట్ల ఆ ఒక్క స్థానమూ ఖాళీ, గుమాస్తా ఎవరో తాళం తీసి తాళం వేస్తుంటారు. ఇది నిజం, దీనికి తేలికైన జవాబు లేదు. వంద ఉల్లేఖాల పరీక్ష ఏడాదికి ఒకసారి అధ్యాపకులే, విద్యార్థుల సాయంతో, రెండు మూడు దినాలలో చేయవచ్చును అనుట మాత్రం సాధ్యం. స్నాతకోత్తర విద్యార్థికి గ్రంథ పరిచయ శిక్షణగా కూడ అది పనికివస్తుంది. రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. దొరకనివాటి పట్టికను పైవారికి చూపితే, అది గ్రంథపాలకుని అసమర్థతకు సాక్ష్యంగా వాడబడుతుందేమో అను భయం. ఆ భయం ఉన్నచోట 'లేదు' అనునది ఎన్నడూ కాగితమెక్కదు. అందుచేత ఆ పట్టికను సంజాయిషీ కోరే ఆధారంగా గాక, మరుసటి ఏడాది కొనుగోళ్లకు, ఖాళీల భర్తీకి అర్జీగా స్వీకరిస్తామని యాజమాన్యం ముందే మాట ఇవ్వవలసి ఉంటుంది. ఆ మాట లేనిచోట ఈ పరీక్ష చేయకుండడమే మేలు.

మరొక సంగతి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ కాలనీలలోని వృద్ధ పండితుల ఇండ్లలో జీవితకాలం కూడబెట్టిన పుస్తకాలు ఉన్నవి. యజమాని గతించగానే అవి పాతకాగితాల బండికెక్కి, అదృష్టం బాగుంటే ఆదివారం నాడు అబిడ్స్ కాలిబాట మీద తేలుతాయి. వంద ఉల్లేఖాల పరీక్షలో దొరకని పుస్తకాలలో కొన్ని ఆ ఇండ్లలోనే ఉండే అవకాశం ఉన్నది. కావలసినవాటి పట్టిక చేతిలో ఉన్న గ్రంథపాలకుడు ఆ ఇంటి గుమ్మం తొక్కి, ఇది ఇప్పించండని పేరుపెట్టి అడుగగలడు. పట్టిక లేనివాడు వచ్చినదెల్లా పుచ్చుకొని స్థలం లేదని విచారిస్తాడు, లేదా అసలే పుచ్చుకోడు.

న్యాక్‌కు నివేదిక సమర్పించిన కళాశాలలకు అడిగిన అంకెలతో పాటు అదనపు సమాచారాన్ని జతపరచే అవకాశం ఆ విధానంలోనే కల్పించబడింది. ఇకముందు విధానం ఏ రూపం దాల్చినా, హాజరు శాతం పక్కన వంద ఉల్లేఖాల పట్టికను, ప్రశ్నల పుస్తకంలోని కొన్ని పుటలను జతపరచడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఒక్క ప్రాచ్య కళాశాల ఈ పని చేసినా, మరుసటి ఏడాది రెండవ కళాశాల దానితో తన పట్టికను పోల్చి చూసుకొనగలుగుతుంది.